ఎదుర్లంక నుంచి లోక్‌సభ సభాపతి పీఠానికి
జిల్లా పరిషత్తే బాలయోగి తొలి బడి

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే ముందు ఒక ఒడ్డున యానాం, దానికి ఎదురుగా రెండో ఒడ్డున ఎదుర్లంక ఉన్నాయి. నది మీద వంతెన లేని రోజుల్లో ఎదుర్లంక వాసులు కాకినాడ వైపు పోవాలంటే పడవో పంటో ఎక్కవలసిందే. లేదంటే అమలాపురం, రావులపాలెం మీదుగా కోనసీమంతా చుట్టి రావలసిందే. ఈ ఊళ్ళోనే 1951 అక్టోబరు 1న ఒక దళిత వ్యవసాయ కుటుంబంలో గంటి మోహనచంద్ర బాలయోగి జన్మించారు. 46 ఏళ్ళు నిండిన కొద్ది మాసాలకే ఆయన దేశంలోని అత్యున్నత చట్టసభకు అధ్యక్షత వహించారు.

ఢిల్లీలో సభాపతిగా ఆయన సంపాదించిన పేరు అందరికీ తెలిసినదే. కాని సభ నడపడంలో ఆయనకు మొదటి అనుభవం ఢిల్లీలో కలిగినది కాదు. కాకినాడలోని తూర్పు గోదావరి జిల్లా పరిషత్తులో కలిగింది. నాలుగేళ్ళ ఆ పదవీకాలం మీద ప్రసంగాల్లో ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. అయితే పంచాయతీలకు, పురపాలక సంఘాలకు ఎన్నికయ్యే వారికి ఆయన జీవితంలో పనికివచ్చే భాగం అదే.

చదువు, వకీలు వృత్తి

శ్రీ బాలయోగి ప్రాథమిక విద్య పక్క ఊరు గుత్తెనదీవిలో సాగింది. పై చదువులు కాకినాడలోను, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను పూర్తి చేసి ఎం.ఏ., బి.ఎల్. పట్టాలు పుచ్చుకున్నారు. 1980లో కాకినాడలో న్యాయవాద వృత్తి ప్రారంభించారు. 1982లో నందమూరి తారక రామారావు తెలుగుదేశం పార్టీ స్థాపించినప్పుడు దాని వైపు ఆకర్షితులైన యువకులలో ఆయన ఒకరు.

1985లో ఆయన ఫస్టు క్లాసు మేజిస్ట్రేటు ఉద్యోగానికి ఎంపికైనారు. లంక గ్రామంలోని దళిత కుటుంబం నుంచి వచ్చిన యువకునికి అది చిన్న ఉద్యోగం కాదు. నెల జీతం, గౌరవం, పదవీ విరమణ దాకా భద్రత ఉన్న కొలువు. అయినా ఆయన కొద్ది కాలానికే దానిని వదులుకుని మళ్ళీ వకీలు వృత్తిలోకి వచ్చేశారు. 1986లో కాకినాడ సహకార టౌను బ్యాంకు ఉపాధ్యక్షులుగా ఎన్నికైనారు. అప్పు ఎవరికి ఇవ్వాలి, వసూలు ఎలా చేయాలి, లెక్క ఎలా చూపాలి అనే విషయాలు సహకార బ్యాంకులో పనిచేసిన వారికి తెలియకుండా ఉండవు. ప్రజల సొమ్ముకు జవాబు చెప్పవలసిన పని ఆయనకు ఆ విధంగా మొదలైంది.

జిల్లా అంతటి ఓటుతో

1986లో రాష్ట్రంలో పంచాయతీ సమితులు రద్దయ్యాయి. వాటి స్థానంలో దాదాపు 1,100 మండలాలు ఏర్పడ్డాయి. మండల ప్రజా పరిషత్తులు, జిల్లా ప్రజా పరిషత్తులు వచ్చాయి. అంతకు ముందు జిల్లా పరిషత్తు అధ్యక్షుణ్ణి సభ్యులు తమలో తాము ఎన్నుకునేవారు. 1987 ఎన్నికల్లో మాత్రం జిల్లా ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు.

తూర్పు గోదావరి ఓటు అంటే అప్పుడు తుని నుంచి రాజోలు దాకా, రంపచోడవరం మన్యం నుంచి అంతర్వేది సముద్ర తీరం దాకా. మెట్ట రైతుకు చెరువు నీటి బాధ, డెల్టా రైతుకు మురుగు కాలువ బాధ. మన్యంలో రోడ్డు లేదు, లంకల్లో రేవు దాటే దిక్కు లేదు. ఒక్క శాసనసభ నియోజకవర్గంలో తిరిగిన వారికి ఇన్ని రకాల కష్టాలు ఒకేసారి కనిపించవు. ఆ ఎన్నికల్లో శ్రీ బాలయోగి గెలిచి జిల్లా పరిషత్తు అధ్యక్షులైనారు. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్ళు.

1994 చట్టం తరువాత జిల్లా పరిషత్తు అధ్యక్షుని ఎన్నిక మళ్ళీ పరోక్ష పద్ధతికి మారింది. జడ్.పి.టి.సి. సభ్యులే తమలో ఒకరిని ఎన్నుకుంటున్నారు. ఆ రకంగా జిల్లా ప్రజలందరి ఓటుతో నేరుగా అధ్యక్ష పీఠం ఎక్కిన వారు 1987 నాటి వారే.

అధికారం ఒక చోట, డబ్బు ఒక చోట

జిల్లా పరిషత్తు అంటే గ్రామస్థుడికి మొదట గుర్తుకు వచ్చేది హైస్కూలు. కోనసీమలో పదో తరగతి చదివిన వారిలో చాలా మంది సర్టిఫికెట్ల మీద ఉండేది జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల పేరే. ఆ బడికి గది కావాలన్నా, బల్లలు కావాలన్నా, ఊరికి రోడ్డు పడాలన్నా, మంచినీళ్ళ పథకం రావాలన్నా జనం అధ్యక్షుని దగ్గరకే అర్జీ పట్టుకుని పోతారు. తాము ఓటు వేసి గెలిపించిన అధ్యక్షుడు గనుక అన్నీ ఆయన చేతిలోనే ఉంటాయని నమ్మకం.

కాని పరిషత్తు ఖజానా తాళం పూర్తిగా అధ్యక్షుని చేతిలో ఎన్నడూ లేదు. ప్రభుత్వం ఇచ్చే తలసరి గ్రాంటు, భూముల రిజిస్ట్రేషన్ల మీద వచ్చే సర్‌చార్జీలో వాటా, ఇసుక వంటి ఖనిజాల మీద వచ్చే సీనరేజి, అద్దెలు, వేలంపాటలు, ఇవీ స్థానిక సంస్థల రాబడి మార్గాలు. వీటిలో పెద్దవన్నీ రాజధాని నుంచి విడుదల కావలసినవే. పైగా 1986 చట్టం ప్రకారం జిల్లా పరిషత్తుకు మీదుగా జిల్లా అభివృద్ధి సమీక్షా మండలి ఉండేది. దానికి మంత్రి అధ్యక్షులు. జిల్లా పనుల ప్రణాళికలు అక్కడ సమీక్షకు వచ్చేవి. జనం ఓటు వేసింది ఒకరికి, సమీక్ష చేసేది మరొకరు.

ఇటువంటి ఏర్పాటులో పని జరిపించుకోవాలంటే కేకలు వేస్తే లాభం లేదు. ఏ పద్దులో ఎంత సొమ్ము ఉంది, ఏ పని ఏ నిబంధన కిందకు వస్తుంది, ఏ ఫైలు ఏ అధికారి బల్ల మీద ఆగింది అనేవి తెలిసి ఉండాలి. సర్వసభ్య సమావేశానికి మండలాధ్యక్షులు, శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు వస్తారు. అధికార పక్షం, ప్రతిపక్షం రెండూ ఉంటాయి. తన మండలానికి నిధులు రాలేదని ప్రతి సభ్యుడికీ కోపమే. ఆ సభకు అధ్యక్షత వహించే వ్యక్తి అందరికీ మాట్లాడే అవకాశం ఇవ్వాలి, అధికారుల చేత సమాధానం చెప్పించాలి, సాయంత్రానికి అజెండా ముగించాలి. శ్రీ బాలయోగి 1991 దాకా ఈ పని చేశారు. చట్టం చదివి, మేజిస్ట్రేటుగా ఎంపికై, బ్యాంకు లెక్కలు చూసి వచ్చినందున ఆయనకు నిబంధనల పుస్తకం కొత్త కాదు. మొదటిసారి గెలిచి వచ్చే సర్పంచికో, మండల సభ్యునికో, పురపాలక కౌన్సిలరుకో అటువంటి వసతి సాధారణంగా ఉండదు.

రాజ్యాంగ సవరణ వేళ

1991లో షెడ్యూల్డు కులాలకు కేటాయించిన అమలాపురం స్థానం నుంచి శ్రీ బాలయోగి లోక్‌సభకు ఎన్నికైనారు. ఆ పదవ లోక్‌సభలోనే 1992 డిసెంబరు 22న రెండు పెద్ద రాజ్యాంగ సవరణలు ఆమోదం పొందాయి. పంచాయతీలకు సంబంధించినది 73వ సవరణ, పురపాలక సంఘాలకు సంబంధించినది 74వ సవరణ. మొదటిది 1993 ఏప్రిల్ 24 నుంచి, రెండోది జూన్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. జిల్లా పరిషత్తును నడిపి వచ్చిన శ్రీ బాలయోగి ఆ సభలో సభ్యులుగా ఉన్నారు.

అయిదేళ్ళకు ఒకసారి ఎన్నికలు జరిపి తీరాలని, స్త్రీలకు మూడో వంతు తగ్గకుండా స్థానాలు ఉండాలని, షెడ్యూల్డు కులాలకు, తెగలకు జనాభాను బట్టి స్థానాలు ఇవ్వాలని ఆ సవరణలు నిర్దేశించాయి. పంచాయతీలకు 29 అంశాల పట్టిక, పురపాలక సంఘాలకు 18 అంశాల పట్టిక రాజ్యాంగంలో చేరాయి. స్థానిక సంస్థలకు రాష్ట్ర ఆదాయంలో ఎంత ఇవ్వాలో చెప్పడానికి అయిదేళ్ళకు ఒకసారి రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని నియమించాలన్న నిబంధన వచ్చింది.

అయితే 29 అంశాలూ పంచాయతీకి అప్పగించి తీరాలని మాత్రం సవరణలో లేదు. ఏవి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో రాష్ట్రాల ఇష్టానికే విడిచిపెట్టారు. అందుచేత ఎన్నిక రాజ్యాంగబద్ధమైంది గాని నిధులు, అధికారాలు రాష్ట్ర ప్రభుత్వం దయ మీదనే మిగిలాయి. 1987లో జిల్లా పరిషత్తు అధ్యక్షులు ఎదుర్కొన్న ఇబ్బంది పూర్తిగా తీరలేదు.

ఓటమి, మంత్రి పదవి, సభాపతి పీఠం

1996 లోక్‌సభ ఎన్నికల్లో శ్రీ బాలయోగి ఓడిపోయారు. అదే సంవత్సరం ముమ్మిడివరం శాసనసభ స్థానానికి జరిగిన ఉప ఎన్నికలో గెలిచి రాష్ట్రంలో ఉన్నత విద్యా శాఖ మంత్రి అయినారు. ఆ 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కోనసీమ తీర గ్రామాలను ఊడ్చివేసింది. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఐ.పోలవరం, ముమ్మిడివరం, కాట్రేనికోన ప్రాంతాలకు ఆ దెబ్బ మరీ ఎక్కువగా తగిలింది. అటువంటి విపత్తులో బయటి వారు చేరే లోపల ఊళ్ళో మిగిలేది సర్పంచి, వార్డు సభ్యుడు, గ్రామోద్యోగి మాత్రమే. ఎవరిని ఎక్కడికి తరలించాలో, బియ్యం ఎవరికి ముందు ఇవ్వాలో వారికి ముందే నేర్పి ఉంటే ఎన్ని ప్రాణాలు దక్కుతాయో కోనసీమకు ఎవరూ చెప్పనవసరం లేదు.

1998లో మళ్ళీ అమలాపురం నుంచి లోక్‌సభకు గెలిచిన శ్రీ బాలయోగి మార్చి 24న సభాపతిగా ఎన్నికైనారు. ఆ పీఠం ఎక్కిన మొదటి దళితుడు ఆయనే. తెలుగువారిలో మాడభూషి అనంతశయనం అయ్యంగారు, నీలం సంజీవరెడ్డి తరువాత మూడో వారు. ఢిల్లీలో పెద్ద పేరు లేని వ్యక్తి ఆ సభను అదుపు చేయగలరా అన్న సందేహం అప్పట్లో కొందరికి ఉండేది.

సంవత్సరం తిరిగిన కొద్ది రోజులకే గట్టి పరీక్ష వచ్చింది. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం విశ్వాస పరీక్షకు నిలబడింది. ఒరిస్సా ముఖ్యమంత్రి పదవి స్వీకరించి కూడా లోక్‌సభ సభ్యత్వం వదులుకోని గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చునా అన్నది వివాదమైంది. శ్రీ బాలయోగి ఆ విషయాన్ని ఆ సభ్యుని అంతరాత్మకే విడిచిపెట్టారు. 269 ఓట్లకు ఎదురు 270 ఓట్లతో ప్రభుత్వం పడిపోయింది. తన పార్టీ సమర్థించిన ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోతూ ఉంటే ఆయన పీఠం మీద నుంచి ఫలితం ప్రకటించారు. ఆ నిర్ణయం మీద వాదోపవాదాలు ఆ తరువాత కూడా సాగాయి. కాని 1999 అక్టోబరు 22న కొత్త సభ ఆయననే మళ్ళీ సభాపతిగా ఎన్నుకుంది.

సభ్యుల నడవడిని పరిశీలించే నైతిక విలువల సంఘాన్ని లోక్‌సభలో 2000లో ఏర్పాటు చేసింది ఆయనే. సభల్లో క్రమశిక్షణ, మర్యాద గురించి 2001 నవంబరులో సభాపతులను, ముఖ్యమంత్రులను, పార్టీల నాయకులను ఢిల్లీకి పిలిచి సదస్సు జరిపించారు. ఆ మరుసటి నెల, డిసెంబరు 13న పార్లమెంటు మీద ఉగ్రవాదుల దాడి జరిగినప్పుడు సభాపతి ఆయనే.

పైన ఉన్న బడి కింద ఉందా?

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. లోక్‌సభ సచివాలయంలో 1976 నుంచి పార్లమెంటరీ అధ్యయన, శిక్షణ విభాగం ఉండేది. కొత్తగా గెలిచిన ఎంపీలకు ప్రశ్న ఎలా వేయాలి, బడ్జెట్టు ఎలా చదవాలి, తీర్మానం ఎలా పెట్టాలి అన్నవి అక్కడ తరగతులు పెట్టి చెప్పేవారు. శ్రీ బాలయోగి సభాపతిగా ఉన్నప్పుడు ఆ విభాగం ఆయన అజమాయిషీ కిందనే నడిచింది. పట్టాలు పుచ్చుకున్న వారికి, సహాయకులు ఉన్న వారికి కూడా ఢిల్లీలో పాఠాలు అవసరమయ్యాయి. లంక గ్రామంలో ఏడో తరగతి చదివి వార్డు సభ్యురాలైన కూలి మహిళకు అవి ఇంకెంత అవసరమో వేరే చెప్పాలా?

కింది స్థాయిలో శిక్షణ సంస్థలు బొత్తిగా లేకపోలేదు. పంచాయతీ ప్రతినిధులకు, సిబ్బందికి సామర్లకోటలో విస్తరణ శిక్షణ కేంద్రం ఉంది. 1958లో ముస్సోరీలో మొదలైన జాతీయ సంస్థ తరువాత హైదరాబాదు రాజేంద్రనగర్‌కు తరలి, 1977లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ అయింది. పురపాలక కౌన్సిలర్లకు, అధికారులకు నేర్పడానికి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1970లో ప్రాంతీయ పట్టణ, పర్యావరణ అధ్యయన కేంద్రం ఏర్పడింది. పంచాయతీ ప్రతినిధుల శిక్షణ కోసమే కేంద్రం 2018లో రాష్ట్రీయ గ్రామ స్వరాజ్ అభియాన్ పథకం చేపట్టింది.

సంస్థలున్నంత మాత్రాన పాఠం అందరికీ అందదు. రెండు మూడు రోజుల తరగతికి వెళితే కూలి పోతుందని సభ్యులు వెనకాడుతారు. మహిళా సర్పంచికి బదులు భర్త వెళ్ళి సంతకం పెట్టి వచ్చే ఊళ్ళూ ఉన్నాయి. ఇంటి పన్ను డిమాండు రిజిస్టరు ఎలా చూడాలో తెలియని సర్పంచి కార్యదర్శి చూపించిన చోట సంతకం పెడతాడు. స్థానిక సంస్థల సాధారణ నిధుల్లో 15 శాతం షెడ్యూల్డు కులాల సంక్షేమానికి ఖర్చు చేయాలన్న నియమం ఉంది. ఆ సంగతి తెలియని దళిత సభ్యుడు తన పేటకు రోడ్డు కోసం ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడతాడు. తెలిసిన సభ్యుడు పంచాయతీ సమావేశంలోనే లెక్క అడుగుతాడు. ఆ ఇద్దరి మధ్య తేడా చదువులో లేదు. ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా లేదా అన్న దానిలో ఉంది.

నిధులకు కూడా శిక్షణతో లంకె ఉంది. 2000 నుంచి 2005 దాకా పంచాయతీలకు ఏడాదికి 1,600 కోట్లు, పట్టణ సంస్థలకు 400 కోట్ల రూపాయలు ఇవ్వాలని పదకొండవ ఆర్థిక సంఘం సిఫారసు చేసింది. లెక్కలు, ఆడిట్ సరిగా ఉండాలని గట్టిగా చెప్పింది. పదిహేనవ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు గ్రామీణ సంస్థలకు 2,36,805 కోట్లు, పట్టణ సంస్థలకు 1,21,055 కోట్లు సూచించింది. సొమ్ము పెరిగిన కొద్దీ షరతులూ పెరిగాయి. పాలకవర్గం లేకపోతే సొమ్మే ఆగుతుంది. 2018 ఆగస్టులో గడువు ముగిసిన తరువాత 2021 ఫిబ్రవరి దాకా ఆంధ్రప్రదేశ్ పంచాయతీలకు ఎన్నికలు జరగలేదు. కేంద్రం నిధులు నిలిచిపోయి ఊళ్ళలో వీధి దీపం మొదలు మురుగు కాలువ దాకా పనులు కుంటుపడ్డాయి.

అర్ధాంతరంగా ముగిసిన జీవితం

2002 మార్చి 3న శ్రీ బాలయోగి భీమవరం నుంచి హెలికాప్టరులో బయలుదేరారు. నాటి కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర అది కూలిపోయింది. పైలట్, భద్రతా అధికారితో పాటు ఆయన కూడా దుర్మరణం పాలయ్యారు. అప్పటికి ఆయనకు 50 ఏళ్ళు. కోనసీమ శోకసముద్రంలో మునిగిపోయింది. ఆ ఏడాది జరిగిన ఉప ఎన్నికలో ఆయన సతీమణి విజయకుమారి లోక్‌సభకు ఎన్నికైనారు. 2024లో కుమారుడు హరీష్ మాధుర్ అదే అమలాపురం స్థానం నుంచి గెలిచారు.

యానాం, ఎదుర్లంకల మధ్య గౌతమి మీద కట్టిన వంతెనకు బాలయోగి వారధి అని పేరు పెట్టారు. ఒకప్పుడు పంటు కోసం రేవులో గంటల తరబడి కాచుకున్న ఊరి నుంచి ఇప్పుడు బస్సు ఎక్కితే కొద్ది నిమిషాల్లో అవతలి ఒడ్డు. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా రైలు కోనసీమ చిరకాల వాంఛ. దానికి ఆయన హయాంలోనే శంకుస్థాపన జరిగింది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. అమలాపురం జిల్లా కేంద్రమైంది.

ఆయన విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. జయంతికి, వర్ధంతికి దండలు పడుతూనే ఉంటాయి. అయితే మేజిస్ట్రేటు కొలువు వదులుకుని వచ్చిన ఆ యువకుడు జిల్లా పరిషత్తులో నాలుగేళ్ళు పని చేశాకే ఢిల్లీ వెళ్ళారన్న సంగతి మరచిపోరాదు. కోనసీమ పంచాయతీల్లో, పురపాలక సంఘాల్లో ఎందరో దళితులు, స్త్రీలు, కూలి కుటుంబాల వారు మొదటిసారి కుర్చీలో కూర్చుంటున్నారు. వారికి సామర్లకోట తరగతికి వెళ్ళడానికి కూలి సొమ్ము ఇప్పించి, రిజిస్టర్లు చదవడం నేర్పించి, నిధుల లెక్క చేతికిస్తే వారిలో మరో బాలయోగి ఉండవచ్చు. ఆ ఏర్పాటు లేకపోతే కుర్చీ ఒకరిది, సంతకం మరొకరిది అన్న తంతు సాగుతూనే ఉంటుంది.